సాధకమన నేమి?

"అభ్యాసము కూసువిద్య" యని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను వినని విద్యార్థి మన రావికమతము పరిసరములలో నొక్కడును ఉండడు. వినినవారందఱును దాని కొక్కటే యర్థము చెప్పుకొందురు: ఎన్ని మారులు చేసిన నంత నేర్పు వచ్చును. పద్యమైనను, ఎక్కమైనను, పాటయైనను మారుల లెక్కయే ప్రధానమని మనవారి నమ్మకము. ఈ నమ్మకములో సగము సత్యము కలదు. తక్కిన సగము మన పిల్లలకు, ముఖ్యముగా వాద్యము నేర్చుకొను పిల్లలకు, హాని చేయుచున్నది. ఆ సగమును గూర్చియే యీ నాలుగు మాటలు వ్రాయదలచితిని.

వార్షికోత్సవము పది దినము లున్నదనగా పాఠశాలలలో జరుగు తంతు అందఱు నెఱిగినదే. సంవత్సరమంతయు తాళము వేసియుంచిన హార్మోనియము పెట్టె వెలుపలికి వచ్చును. దానిమీది దుమ్ము దులుపుదురు. తబలాకు బిగువు చాలదని సుత్తికొఱకు వెదకుదురు. సాయంకాలము బడి విడిచినది మొదలు దీపములు పెట్టు వేళ వఱకు ఒకే పాటను పల్లవినుండి చివరి చరణము వఱకు, మఱల పల్లవినుండి చివరి చరణము వఱకు వాయించుచుందురు. దీనికి ప్రాక్టీసు అని పేరు. పదియవ దినమునకు బాలురు అలసిపోవుదురు. పాట మాత్రము మొదటి దినమున ఎచ్చట తొట్రుపడెనో అచ్చటనే తొట్రుపడుచుండును.

పరులను నిందించుటకై నే నిది వ్రాయుట లేదు. ఈ తప్పు నేనే చేసితిని. ఇచ్చటికి వచ్చుటకు మునుపు నేను పనిచేసిన యొక పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు హార్మోనియము వాయించుటకు కుదిరెను. మంచి చెవి గలవాడు, శ్రద్ధ గలవాడు, చెప్పినట్లు వినువాడు. ఉత్సవమున ప్రార్థనాగీతమునకు వాడే వాయింపవలెను. "మేస్టారూ, అనుపల్లవి పైకి పోయే చోట వేళ్లు చిక్కుబడిపోతున్నాయండి" అని వాడు మొదటి దినముననే నాతో చెప్పెను. నేనేమంటిని? "నలభైసార్లు వాయించు నాయనా, అదే వస్తుంది" అంటిని.

వాడు నా మాటను అక్షరాలా పాటించెను. గోడమీద బొగ్గుతో గీతలు గీచి లెక్కపెట్టుకొనెను. నలువది గీతలును పూర్తియయ్యెను. ఉత్సవము నాడు తలిదండ్రులు, ఊరి పెద్దలు వచ్చి కూర్చుండిరి. పాట మొదలయ్యెను. అనుపల్లవి వచ్చెను, వ్రేళ్లు చిక్కుబడెను. వాడు ఆగి, పల్లవినుండి మఱల ఆరంభించెను. అచ్చటనే మఱల చిక్కుబడెను. మూడవమారు పాడువారు హార్మోనియము కొఱకు నిలువక తమంతట తామే పాడుకొనిపోయిరి. వెనుక బల్లలనుండి నవ్వులు వినబడెను. వాడు తిత్తి మూసి తల వంచుకొని కూర్చుండెను. ఆ తరువాత ఐదు నెలలు వాడు ఆ పెట్టె దగ్గఱకు రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలువది మారులు వాడు సాధించినది పాటను గాదు, తప్పును. చిక్కుబడుట, ఆగుట, మొదటికి పోవుట, ఈ మూటిని నలువది మారులు వాని చేతికి నేర్పించి, నలువదియొకటవ మారు అవి రాకుండవలెనని నేను కోరితిని. చేతికి మంచిచెడ్డలు తెలియవు. దేనిని పలుమారులు చేయుదుమో దానినే యది నేర్చుకొనును.

నేను లెక్కల ఉపాధ్యాయుడను. శిక్షణ కళాశాలలో మాకు లోపనిర్ధారణ పరీక్షలను గూర్చియు, లోపనివారణ బోధనను గూర్చియు ఎన్నియో పాఠములు చెప్పిరి. భాగహారములో తప్పిన పిల్లవానిని "అధ్యాయమంతయు నలువది మారులు చేయుము" అని తెలిసిన ఉపాధ్యాయుడెవ్వడును పంపివేయడు. వాడు ఎక్కము రాక తప్పెనా, అంకెను దించుకొనుటలో తప్పెనా, సున్నను మఱచుటచే తప్పెనా యని చూచును. తప్పు జవాబులో కనబడును గాని, పుట్టినచోటు పై వరుసలలో నెచ్చటనో యుండును. ఇంత తెలిసిన నేను సంగీతము కడకు వచ్చునప్పటికి నేర్చిన శాస్త్రమంతయు గడప వెలుపల విడిచితిని.

కావున ఆ బాలుని బ్రతిమాలి పిలుచుకొని వచ్చితిని. ఈ మారు పాట వాయింపు మనలేదు. ఆ యొక్క పంక్తినే మెల్లగా వాయింపుమని, వాని వ్రేళ్లను చూచుచు కూర్చుంటిని. వ్రేళ్లు చిక్కుబడినది పై షడ్జమువద్ద. కాని కారణ మచ్చట లేదు. అంతకు రెండు స్వరములకు ముందే బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల క్రిందుగా దాటవలెను. అది దాటుట లేదు. అందుచేత పైకి పోవునప్పటికి చేతిలో వ్రేళ్లు చాలకపోవుచున్నవి. తప్పు వినబడు చోటు వేఱు, పుట్టు చోటు వేఱు. ఐదు స్వరములను, బొటనవ్రేలి దాటుతో, దినమునకు పావుగంట చొప్పున మెల్లగా వాయింపజేసితిని. నాలుగవ దినమున ఆ పంక్తి వేగముగాను, తడబాటు లేకుండను వచ్చెను. నలువది మారులు చేయలేని పనిని నాలుగు పావుగంటలు చేసినవి.

ఇది నేను క్రొత్తగా కనుగొన్న రహస్యము గాదు. మన కర్ణాటక సంగీత సంప్రదాయమున ఇది మొదటి పాఠమునందే కలదు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు మొదలగు అభ్యాసములను పురందరదాసు (1484–1564) మాయామాళవగౌళ రాగమున ఏర్పఱచెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ రాగమున క్రింది నాలుగు స్వరముల నడుమ నుండు ఎడములే పై నాలుగు స్వరముల నడుమను ఉండును. అందుచే క్రిందిసగమున నేర్చినది పైసగమునకు పనికివచ్చును. ఆ వరుసలను మూడు కాలములలో సాధింపవలెనని నియమము. తాళపు దెబ్బ మాఱదు. మొదటి కాలమున దెబ్బ కొక స్వరము, రెండవ కాలమున రెండు, మూడవ కాలమున నాలుగు. మన కుఱ్ఱవాండ్రు మొదటి కాలమును పసిపిల్లల పని యనుకొని దాటిపోవుదురు. నిజమునకు గుణదోషములను చెవి పట్టుకొనుటకు తీరిక గలది ఆ కాలమొక్కటే. మూడవ కాలమున తప్పు జరిగిపోయిన పిమ్మట గాని తెలియదు.

సాధకమున కన్నుకంటెను చేయికంటెను చెవి ముఖ్యమనుటకు మన ఉత్తరాంధ్రముననే గొప్ప సాక్ష్యము కలదు. విజయనగరమున సంగీత కళాశాల 1919లో స్థాపింపబడినప్పుడు హరికథాపితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) దానికి ప్రథమాధ్యక్షులైరి. ఆ సంవత్సరముననే ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచ్చట ఫిడేలు ఆచార్యులుగా చేరిరి. 1893లో జన్మించిన వారికి అప్పటికి ఇరువదియాఱవ యేడు. చిన్ననాటినుండియు వారి చూపు మందము. విశాఖపట్టణమున తమ యన్నగారి యొద్దనే తొలిపాఠములు నేర్చుకొనిరి. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి, 1941లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీని పొందిరి, 1964లో దివంగతులైరి. వారి ఫిడేలును గూర్చి రసికులు మొట్టమొదట ప్రశంసించినది వేగమును గాదు. శ్రుతిశుద్ధిని, కమాను నాదమును. ఫిడేలునకు వీణకు వలె మెట్లు లేవు. వ్రేలు వెండ్రుకవాసి జరిగినను స్వరము తప్పును. ఆ తప్పును చూచి దిద్దుకొనుట సాధ్యము గాదు, విని దిద్దుకొనవలసినదే. వినకుండ చేసిన సాధకము ఫిడేలుపై నూఱేండ్లు చేసినను ఫలింపదు.

పాశ్చాత్యదేశముల పరిశోధకులు కూడ ఈ సంగతిని పరీక్షించి చూచిరి. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ డ్యూక్ అను ఆచార్యుడును, అతని సహచరులును 17 మంది పియానో విద్యార్థులకు షోస్టకోవిచ్ రచనలోని యొక చిన్న భాగము నిచ్చి, తమకు తృప్తి కలుగువఱకు సాధకము చేయుడనిరి. మఱునాడు వారిచే వాయింపించి, ఎవరు చక్కగా వాయించిరో నిర్ణయించిరి. ఈ పరిశోధన 2009లో ప్రకటింపబడినది. ఎక్కువసేపు సాధకము చేసినవారును, ఎక్కువ మారులు వాయించినవారును మేలుగా వాయించిరని తేలలేదు. తప్పుగా వాయించిన మారులు ఎవరికి తక్కువయో వారే మేలుగా వాయించిరి. అందఱివలెనే ఉత్తములును మొదట తప్పులు చేసిరి. కాని తప్పు జరిగినంతనే దాని చోటును, కారణమును కనిపెట్టిరి. అచ్చటనే వేగము తగ్గించిరి. అది స్థిరపడువఱకు ముందునకు పోలేదు. నా విద్యార్థి గోడమీద గీచిన బొగ్గుగీతలు నాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినవి.

పశ్చిమ బెర్లిన్ నగరమందలి సంగీత విద్యాలయపు ఫిడేలు విద్యార్థులను గూర్చి ఎరిక్సన్ మొదలగువారు 1993లో ప్రకటించిన పరిశోధన మఱింత ప్రసిద్ధమైనది. ఇరువదియేండ్లు వచ్చునప్పటికి అచ్చటి ఉత్తమ విద్యార్థులు సగటున పదివేల గంటలకు పైగా సాధకము చేసియుండిరి. లోకము ఈ పదివేల లెక్కను మాత్రము పట్టుకొనెను. ఆ విద్యార్థులు ఒంటరిగా కూర్చుండి, ఒక్కొక్క విడతకు సుమారు 80 నిమిషములు మాత్రమే సాధకము చేసి, నడుమ విశ్రాంతి తీసికొనుచుండిరను సంగతిని పలువురు మఱచిరి. తదేకధ్యానము ఎక్కువసేపు నిలువదు. పెద్దవారికే ఇట్లుండగా మన బడిపిల్లలకు ఏకబిగిని మూడు గంటల మ్రోత యేమి మేలు చేయగలదు?

ఇక సభకు సిద్ధపడు విధమును గూర్చి చెప్పెదను. ఇచ్చట నా ముఖ్యాభిప్రాయ మొక్కటి కలదు. సాధకము వేఱు, సభాభ్యాసము వేఱు. సాధకమున తప్పు వచ్చినచోట తప్పక ఆగవలెను. సభాభ్యాసమున ఏమి జరిగినను ఆగరాదు. ఈ రెంటిని కలిపివేయుటయే మన పాఠశాలలలో జరుగుచున్న అపచారము. మనవాడు తప్పు వచ్చినచోట ఆగును గాని దానిని దిద్దుకొనడు. మొదటికి పోవును గాని చివరకు చేరడు. కావున వాడు సాధకమును చేసినవాడు కాడు, సభకు సిద్ధపడినవాడును కాడు.

సాధకమునకు నేను అనుసరించుచున్న పద్ధతి యిది. వాద్యమును ముట్టక పూర్వము పంక్తిని నోటితో పాడి, చేతితో తాళము వేయవలెను. హార్మోనియము వాయించువారి కిది మఱింత అవసరము. మెట్టు నొక్కిన స్వరము దానంతట అదియే పలుకును గనుక చెవి సోమరియగును. గమకములు దానిపై పలుకవను ఆక్షేపణ పండితులలో చాల కాలమునుండి కలదు. 1940 మొదలు 1971 వఱకు ఆకాశవాణి దానిని నిషేధించియుండెను. అయినను మన పల్లెలలో పాటకు తోడుగా దొరకు వాద్య మదియే. దానిని విడువ నక్కఱలేదు, పాడుటను విడువకుండిన చాలును. పిమ్మట కష్టమైన పంక్తిని పెన్సిలుతో గుర్తించి, సాధకమును దానితోనే ఆరంభింపవలెను. మనస్సు అలసిన తరువాత కష్టమైనదానిని పట్టుకొనుట తెలివి గాదు. తప్పు వచ్చు స్వరమునకు రెండు మూడు స్వరముల ముందునుండి మొదలుపెట్టి, దానిని దాటి రెండు స్వరముల వఱకు పోవలెను. తప్పు రానంత మెల్లగా వాయించి, వరుసగా ఐదు మారులు సరిగా వచ్చిన పిమ్మట కొంచెము వేగము పెంచవలెను. తప్పు తిరిగివచ్చిన వేగము తగ్గింపవలెను, దీనికి సిగ్గుపడరాదు.

మన సీమలో బెల్లము వండువారిని చూడుడు. పెనము క్రింద మంట వేసి ఇన్ని గంటలు కాచితిమి గనుక పాకము వచ్చియుండునని వారు దించివేయరు. చుక్కను చన్నీటిలో వేసి, వ్రేళ్లతో నలిపి చూతురు. గంటల లెక్క వారికి చాలదు, ఆ చుక్కయే సాక్ష్యము. సాధకమున మన చెవియే చన్నీటి గిన్నె.

సభాభ్యాసము ఉత్సవమునకు రెండు వారములు ముందుగా మొదలుకావలెను. అప్పటికే పాట చేతికి వచ్చియుండవలెను. ఏ పీటమీద కూర్చుండవలెనో ఆ పీటమీదనే, పాడువారితోను తబలాతోను కలిసి, నలుగురైదుగురు వినుచుండగా పాటను ఒక్కమారే వాయింపవలెను. మఱియొక మారు అనుట లేదు. సభలో మఱియొక మారు ఉండదు గదా. పొరపాటు వచ్చినచో తాళమును విడువక తరువాతి స్వరమును పట్టుకొనవలెను. అప్పుడప్పుడు చరణమునుండి, అనుపల్లవినుండి ఆరంభించుట కూడ అలవాటు చేసికొనవలెను. పల్లవినుండి తప్ప ఆరంభింప నేరనివాడు దారితప్పిన పథికునివలె ఇంటికి పోయి మఱల బయలుదేరవలసివచ్చును. ఉత్సవము నాటి ప్రొద్దున గట్టిగా సాధకము చేయరాదు. వ్రేళ్లను కొంచెము కదలించి విడువవలెను.

పాబ్లో కసాల్స్ అను స్పెయిన్‌దేశపు చెల్లో విద్వాంసునకు 1890లో, పదుమూడేండ్ల ప్రాయమున, బాఖ్ రచించిన చెల్లో స్వరరచనల ప్రతి బార్సిలోనాలో నొక పాతయంగడిలో దొరకెను. వానిని పండ్రెండేండ్లు సాధకము చేసిన పిమ్మట గాని అతడు సభలో వాయించుటకు సాహసింపలేదు. పండ్రెండేండ్లు మన కక్కఱలేదు. పది దినములు మాత్రము చాలవు.

దీనికి కొందఱు మిత్రులు మూడు ఆక్షేపణలు చెప్పుచున్నారు. సంగీతము పుట్టుకతో రావలసినదే గాని సాధకముతో వచ్చునా యనుట మొదటిది. వరమునందు తారతమ్య ముండుట నిజమే. 2014లో ప్రకటింపబడిన యొక సమీక్షలో సంగీత నైపుణ్యమునందలి భేదములలో సుమారు ఐదవవంతునకు మాత్రమే సాధకము కారణముగా కనబడినది. అయినను పుట్టుకను మార్చుట నా చేతిలో లేదు, సాధకమును దిద్దుట నా చేతిలో నున్నది. ఉపాధ్యాయుడు తన చేతిలో నున్నదానికి జవాబుదారి. పరీక్షల చదువునకు కాలము చాలదనుట రెండవ యాక్షేపణ. నేను కోరునది దినమునకు పావుగంట. ఉత్సవమునకు ముందు మనము వృథపుచ్చు సాయంకాలములకంటె అది యెంత యెక్కువ? పిల్లలు వాద్యములను పాడుచేయుదురనుట మూడవది. హార్మోనియము వాడుకచేత పాడగుదానికంటె మూలపడియుండుట చేత ఎలుకలకును తేమకును పాడగుట యెక్కువ.

కావున మన ప్రధానోపాధ్యాయులకును, సహోపాధ్యాయులకును నా విన్నప మొక్కటి. హార్మోనియము పెట్టె తాళపుచెవిని సంవత్సరమంతయు మధ్యాహ్న విరామమున వాద్యము నేర్చు పిల్లలకు దొరకునట్లు చేయుదము. ఒక్కొక్కరికి పావుగంట. శుక్రవారము సాయంకాలము ఐదు నిమిషములు ఎవరైన నొక విద్యార్థి ఒక చిన్న పాటను తన తరగతి యెదుట ఒక్కమారు వాయించును. తప్పినను నవ్వరాదు, ఆగినను నవ్వరాదు. నవ్వినచో పిల్లవాడు వాద్యమునే విడుచునని నేను కన్నులార చూచితిని.

దావీదురాజు ఆరాధనకొఱకు సితారలను, స్వరమండలములను, తాళములను వాయించువారిని ఏర్పఱచెనని దినవృత్తాంతముల మొదటి గ్రంథము ఇరువదియైదవ అధ్యాయమున కలదు. వారిలో ప్రవీణుల సంఖ్య 288. వారికి వంతులు నిర్ణయించునప్పుడు పిన్న పెద్ద యనక, గురువు శిష్యుడు అనక అందఱికిని ఒకే విధముగా చీట్లు వేసిరట. ఆ వాక్యము చదివినప్పుడెల్ల నాకు తోచున దొక్కటి: ప్రవీణుని వంతు వచ్చును, నేర్చుకొనువాని వంతు కూడ వచ్చును. నేర్చుకొనువానిని వాని వంతునకు సిద్ధపఱచుటయే గురువు పని.

ఆ బాలుని సంగతి ముగించి విరమించెదను. మఱుసటి క్రిస్మస్ పండుగ రాత్రి వాడు మూడు పాటలకు హార్మోనియము వాయించెను. మూడవ పాట నడుమ ఒక స్వరము తప్పెను. వాడు ఆగలేదు, తాళమును విడువలేదు, మొదటికి పోలేదు. తప్పినదని వానికిని నాకును తప్ప వినువారిలో నెవ్వరికిని తెలియలేదు. పాట ముగిసిన పిమ్మట వాడు నా వైపు చూచి చిఱునవ్వు నవ్వెను. గోడమీది నలువది గీతలకు అప్పు తీఱినట్లు నాకు తోచెను.